సంపు కోసం గీసిన గీత

సైటుకి టీ ఫ్లాస్కు తీసుకెళ్ళడంతో కాత్యాయని రోజు మొదలవుతుంది. ఇసుక లారీ వస్తే దగ్గరుండి దింపించాలి, ఫొటో తీసి భర్త వీరభద్రానికి పంపాలి, ఆయన 'ఓకే' అనేదాకా డ్రైవరు విసుగుని భరిస్తూ నిలబడాలి. కుందలహళ్ళిలో ఇల్లు మొదలుపెట్టేటప్పుడు ఎవరో ఒకరు సైటులో ఉండక తప్పదనుకున్నారు. ఆ ఒకరు ఎవరన్న ప్రశ్న ఇంట్లో ఎవరికీ రాలేదు. పదకొండేళ్ళ ఉద్యోగానికి ఆమె రాజీనామా రాసింది. "ఎలాగూ ఆ జాబ్‌లో నీకు గ్రోత్ లేదుగా," అన్నాడు వీరభద్రం. "అదేమైనా పనా, నిలబడి చూస్తూ ఉండడమేగా," అంది అత్తగారు. ప్లానులో ఆయనకి ఆఫీసు గది ఉంది, అత్తగారికి పూజగది ఉంది. మరి నాకేదని అడిగితే, "కిచెన్ మొత్తం నీదే కదోయ్," అని నవ్వాడు.

సైటు మూలన ఒక కానుగ చెట్టుంది. మేస్త్రీ ఓబళప్ప ఎవరూ చెప్పకుండానే లారీలు గీరకుండా దాని మానుకి గోతాలు చుట్టాడు, చుట్టూ కర్రలు పాతాడు. చెట్టు మొదలు దగ్గర ఇసుక పోస్తే వేళ్ళకి ఊపిరాడదని కుప్పని దూరంగా వేయించాడు. నీడలో నాలుగు ఇటుకలు పేర్చి, "కూర్చోండమ్మా, కాళ్ళు నొప్పులు పుడతాయి," అన్నాడు. ఆమెకి కాళ్ళున్నాయని ఈ కట్టుబడిలో గుర్తుపెట్టుకున్నవాడు అతనొక్కడే.

కట్టుబడికి నీళ్ళు కావాలి కనక ముందు సంపు, అంటే నేలలో నీళ్ళ తొట్టి, తవ్వుతారు. నిన్న వీరభద్రం వచ్చి, చెట్టుని ఆనుకుని సంపుకి సున్నంతో ముగ్గు పోయించాడు.

"సార్, ఈడ తవ్వితే వేర్లు తెగిపోతాయి," అన్నాడు ఓబళప్ప. "కారు నిలిపే తావున తవ్వుదాం. అడుగున సంపు, పైన కారు. అందరూ అట్లే చేస్తారు."

"తెగనీ. కొట్టించాలంటే పర్మిషన్, ఎంక్వైరీ, పెద్ద హెడేక్. దానంతట అది ఎండిపోతే మనల్ని ఎవడూ అడగడు. రోజూ కారు మీద ఆ పూలు ఎవడు దులుపుతాడు?"

దులపబోయేది తనేనని కాత్యాయనికి తెలుసు. నరికితే అడిగేవాళ్ళుంటారు. వేళ్ళు తెంపి వదిలేస్తే, ఎండిపోవడం చెట్టు తప్పవుతుంది. తన ఉద్యోగమూ అలాగే పోయింది. మానెయ్యమని ఎవరూ అనలేదు.

ఈ ఉదయం జేసీబీ వచ్చింది.

"అమ్మా, బండి రెడీగా ఉండాది. సార్ గీసిన తావేనా?" అన్నాడు ఓబళప్ప, చెట్టువైపు చూడకుండా.

ఆమె సున్నం సంచి దగ్గరికి నడిచి గుప్పెడు పొడి తీసుకుంది. సాయంత్రం మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి. అత్తగారి మూతివిరుపులు, వీరభద్రం వారాల తరబడి మాట్లాడకపోవడం, ఆ మౌనంలోనే ఆయనకి పెరుగన్నం కలిపి పెట్టడం, అన్నీ ఆమెకి ముందే కనిపిస్తున్నాయి. అయినా వంగి, కారు నిలిపే చోట నాలుగు గీతలూ గీసింది. ఒకటి కాస్త వంకర పోయింది. పాత గీతని చెప్పుకాలితో చెరిపేసింది.

ఓబళప్ప గొంతు తగ్గించాడు. "సార్‌కి నేనేం చెప్పేదమ్మా? మేస్త్రీనే మార్చినాడంటే నా పని పోతాది."

"మీరేం చెప్పకండి. గీసింది నేనని నేనే చెప్తాను. తవ్వించండి."