అత్త సరే అంటేనే

మా అత్తతో ఇక పొలానికి రానక్కర్లేదన్నది నేనే. అదేదో గొప్ప ఉపకారం చేశాననుకున్నాను.

నాగాయలంక అవతల చిట్టచివరి పొలం మాది. కాలువ నీళ్ళు అందవు, కరెంటు స్తంభాలు రాలేదు. పక్కనే సముద్రంలోకి పోయే మురుగుకాలువ ఉంది, ఆ డ్రెయిను నీళ్ళే దిక్కు. సముద్రం పోటెక్కితే అందులో ఉప్పు, తీస్తే మంచినీళ్ళు. డీజిల్ ఇంజను రోజుల్లో అత్త గట్టు దిగి, దోసెడు నీళ్ళు పుక్కిలించి "సరే" అంటేనే మా ఆయన ఇస్సాకు ఇంజను తిప్పేవాడు. కిందటేడు ఆ ఇంజను మొరాయించి నారు నిలువునా ఎండింది.

ఈ ఏడు సోలార్ మోటారు పెట్టించాం. పొద్దెక్కితే దానంతటదే తిరుగుతుంది. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ బురదలో శ్రమ ఎందుకని, "మీరింక ఇంటిపట్టున ఉండండి అత్తా" అన్నాను. ఆవిడ చెంగు దులుపుకుని లోపలికి వెళ్ళింది. చిన్నబుచ్చుకుందని నా మొద్దు బుర్రకు తట్టలేదు.

అమావాస్య మర్నాడు ఆదివారం. ముగ్గురం చర్చికి వెళ్ళి, అటునుంచే పొలానికి వచ్చాం. మోటారు తిరుగుతోంది, నారుమడి నిండా నీళ్ళు. నేను సంబరపడ్డాను. అత్త మడిలోకి దిగి, వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉమ్మేసింది.

"ఉప్పమ్మా."

ఇస్సాకు గట్టు మీద కూలబడ్డాడు. ఈ నారు పోతే మళ్ళీ పోసుకునే అదును లేదు, ఈ ఏటికి ఊడుపే లేదు.

"ఈ మోటారు పీకి పారేస్తాను" అన్నాడు.

"దాని తప్పేవుందిరా? అమావాస్య పోటొచ్చిందని దానికేం తెలుసు? ముందు ఆపు. పోటు తీశాక గండి కొడదాం" అంది అత్త.

సాయంత్రం గండి కొట్టి మడి ఖాళీ చేశాం. మర్నాడు పొద్దున్నే అత్త డ్రెయిను నీళ్ళు రుచి చూసి "సరే" అంది. రెండు రోజులు ఆవిడ చెప్పినట్టల్లా నీళ్ళు నింపాం, వదిలాం. పాత ఇంజనైతే మధ్యలోనే చేతులెత్తేసేది. అంచులు ఎర్రబడ్డాయిగానీ ముప్పాతిక నారు బతికింది.

నాకు ఏడుపొచ్చింది.

"తప్పయిపోయింది అత్తా. రేపట్నించి మీరు రావాలి."

"వస్తాలే. నేనెన్నాళ్ళుంటాను?" అంటూ ఆవిడ డ్రెయిన్లోంచి దోసిలితో నీళ్ళు తీసి నా నోటి దగ్గర పెట్టింది. "ఎలా ఉన్నాయో నువ్వు చెప్పు."

పుక్కిలించాను. నాలుక చివర కాస్త ఉప్పు తగిలింది. ఇస్సాకు స్విచ్చి మీద చెయ్యేసుకుని, వాళ్ళమ్మ వంక కాదు, నా వంక చూస్తున్నాడు.

"కాసేపాగండి" అన్నాను.