పీల్చే మందు

రెండువేల అయిదు వానాకాలంలో ఒకరోజు, కలిదిండి నుంచి నరసరాజుగారు ఏలూరులో రత్నమాణిక్యం ఇంటికొచ్చారు. మూడు మెట్లు ఎక్కేసరికి ఆయాసంతో అరుగు మీద కూలబడిపోయారు.

ఆయన రొమ్ములోంచి వచ్చే ఆ పిల్లికూతలు ఆమెకు కొత్త కాదు. ముప్పై ఏళ్ల కిందట ఆమె నర్సుగా ఉన్నప్పుడు, ఇదే ఉబ్బసంతో ఆయన్ని కొల్లేటి మీద పడవలో ఆసుపత్రికి తెచ్చేవారు. ఆమె గాజు సిరంజి మరిగించి, నరం దొరకబుచ్చుకుని, పావుగంట సేపు కొద్దికొద్దిగా మందు ఎక్కించేది. తొందరపడితే గుండె దడదడలాడించే మందది. ఊపిరి కాస్త తిరగ్గానే ఆయన కబుర్లు మొదలుపెట్టేవారు. ఎవరింట పెళ్లి, ఏ లంకలో నీళ్లు తీశాయి, అన్నీను. తరవాత మాత్రలొచ్చాయి. వాటితో ఆయాసం తగ్గేది గానీ చేతులు వణికేవి. ఆమె రిటైరయ్యాక కూడా నెలకోసారైనా ఆయాసమంటూ ఆమె ఇంటికే వచ్చేవారు.

"డాక్టరుగారు కొత్త మందిచ్చారండీ. నెల్లాళ్లయినా గుణం లేదు," అంటూ ఆయన సంచి అందించారు.

లోపల ప్లాస్టిక్ పరికరం, కవరు కూడా చింపకుండా ఉంది.

"దీన్ని వాడట్లేదేంటండీ రాజుగారూ?"

"అదెందుకండీ? గొట్టం మాత్రలు మంచినీళ్లతో మింగుతున్నానుగా!"

ఆమెకు నవ్వాగలేదు. "మింగేవి కాదండీ, పీల్చేవి. పొడి తిన్నగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. డాక్టరుగారు చూపించలేదా?"

"చూపించారండీ. ఆయాసంలో నా బుర్రకెక్కలేదు."

ఆమె మాత్ర అందులో పెట్టి తిప్పింది. "ఊపిరంతా వదిలెయ్యండి. ఇప్పుడు గట్టిగా లాగండి... ఆపండి." పది అంకెలు లెక్కపెట్టింది. మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి కుదిరింది. పది నిమిషాల్లో కూతలు సద్దుమణిగాయి.

"అయిపోయిందాండీ? ఇంతేనా?"

"అంతేనండీ."

సూది లేదు, కమిలిన చెయ్యి లేదు. రోగులకు ఇలాంటి సుఖమే రావాలని ఆమె ఎన్నేళ్లుగానో కోరుకుంది. అయినా చేతులకు పని లేనట్టు తోచి, కాఫీ పెట్టడానికి లేచింది.

మరుసటి నెల ఆయన రాలేదు. రాలేదంటే బాగున్నట్టేనని సరిపెట్టుకుంది. ఓ ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

"ఒంట్లో శుభ్రంగా ఉందండీ సిస్టరుగారూ. పొలం గట్లన్నీ తిరిగేస్తున్నాను. ఓ మాటడుగుతాను, ఏమనుకోకండి. జబ్బేమీ లేకుండా మీ ఇంటికి రావచ్చాండీ?"

"భోజనానికే రండి," అంది రత్నమాణిక్యం.