గుమ్మానికి పెట్టిన బొట్టు

మా ఆయన జగన్నాధం ఆ రోజు పొద్దున్నే నన్ను నెల్లిమర్ల దాకా బండి మీద దింపారు గానీ, నేనెక్కడికి వెళ్తున్నానో తనకు తెలియనట్టే ఉన్నారు. బస్సు వచ్చేదాకా జూట్ మిల్లు గోడకేసి చూస్తూ నిలబడ్డారు. నేను మెట్టు మీద కాలు పెట్టాక మాత్రం నోరు విప్పారు.

"బేగొచ్చీ. ఆ ఊర్లో మంచినీళ్ళు కూడా ఎవులూ ఇవ్వరు."

"ఇవ్వకపోతే మానీమను. ఆళ్ళ నీళ్ళు నాకెందుకు," అన్నాను.

అలా అన్నాను గానీ భయంగానే ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆయన విశాఖపట్నంలో ఒక కంట్రాక్టరు దగ్గర పనిచేసినప్పుడు కంచరపాలెంలో కొన్నాళ్ళు కాపురమున్నాం. పొలం చూసుకునే దిక్కులేక వెనక్కి వచ్చేశాం. ఆ తర్వాత ఆ ఊరు నేను ఒక్కదాన్నీ ఎన్నడూ వెళ్ళలేదు. నాకొక గుణం ఉంది. భయం వేసినప్పుడు ఎదుటిది చిన్నగా కనిపిస్తుంది. పాముని చూసినా "ఇదొక పామా" అంటాను. అది ధైర్యం కాదని నాకు తెలుసు.

ఇప్పుడు వెళ్తున్నది అక్కడున్న మా ఆడపడుచు రాజకుమారికి బొట్టు పెట్టి పిలవడానికి.

మా ఊరి పోలమ్మ తల్లికి ఏటేటా పండగ చెయ్యరు. పెద్దలు కూర్చుని, వానా పంటా చూసుకుని, ఎప్పుడో ఒకసారి చాటింపు వేస్తారు. అప్పుడు డప్పులు ఇంటింటి ముందూ ఆగుతాయి, ఆ ఇంటి నుంచి ఘటం బయల్దేరుతుంది. పసుపు రాసిన కుండ, అందులో అమ్మవారికి వండిన అన్నం, పైన దీపం, చుట్టూ వేపమండలు. ఆ ఘటం నెత్తికెత్తుకోవలసింది ఇంటి ఆడపడుచు. కోడలు వండొచ్చు, అలకొచ్చు, దీపం వెలిగించొచ్చు. ఎత్తడానికి మాత్రం పనికిరాదు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నదాన్ని నేను. అమ్మవారి లెక్కలో మాత్రం నేను బయటినుంచి వచ్చినదాన్ని, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన రాజకుమారి ఇంటి మనిషి. ఇదేం న్యాయమమ్మా అని దీపం పెట్టినప్పుడల్లా తల్లిని అడుగుతూనే ఉన్నాను. ఆవిడ చెప్పదు. నేను ఆచారం మానను.

కిందటి పండగకి మా ఘటం కదల్లేదు. అంతకుముందు రాజకుమారి తన కూతురు ఉష పెళ్ళి విజయనగరంలో చేసింది. మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో పెట్టి మండపంలోకి తేవాలి. దానికోసం మా ఆయన మేదరవాళ్ళ చేత కొత్త బుట్ట అల్లించి, పసుపు రాయించి, తనే మోసుకెళ్ళారు. తీరా చూస్తే పిల్లని పువ్వుల పల్లకిలో కూర్చోబెట్టి, నల్లకోట్లు వేసుకున్న అద్దె మనుషుల చేత మోయించారు. ఫొటోలు బాగా వస్తాయట. ఆయన ఖాళీ బుట్ట పట్టుకుని భోజనం చెయ్యకుండా ఇంటికి వచ్చేశారు. పండగ వచ్చేసరికి చెల్లెలికి బొట్టు పంపలేదు, ఎవరిచేతో ఫోన్ చేయించారు. "ఫోన్ చేస్తే రావడానికి నేనేమైనా ఎలక్ట్రీషియన్నా," అందట ఆవిడ. డప్పులు మా గుమ్మం ముందు ఆగి, కాసేపు చూసి, పక్కింటికి వెళ్ళిపోయాయి. పీట మీద ఘటం నూనె అయిపోయేదాకా వెలిగి ఆరిపోయింది.

వరసగా రెండుసార్లు ఘటం కదలని ఇంటిముందు ఇక డప్పులు ఆగవు. అది మా ఊరి కట్టు. అందుకే ఈసారి కుంకుమ భరిణె, జాకెట్టు గుడ్డ, అరటిపళ్ళు సంచిలో పెట్టుకుని నేనే బయల్దేరాను. ఆయన వద్దనలేదు. వెళ్ళమనీ చెప్పలేదు.

పూర్వం హనుమంతవాక దాటితే గానీ పట్నం మొదలయ్యేది కాదు. ఇప్పుడు ఆనందపురం దగ్గర్నుంచే మొదలైపోయింది. కొండల్ని సగం సగం కొరికి వదిలేశారు. మిగిలిన కొండ మీద "ప్రకృతి ఒడిలో మీ ఇల్లు" అని బోర్డు. మధురవాడలో దిగి రోడ్డు దాటడానికి చాలాసేపు నిలబడ్డాను. నా పక్కన నిలబడ్డవాళ్ళందరూ ఎవరి ఫోన్లోకి వాళ్ళు తలవంచుకుని ఉన్నారు. గుడిలో కూడా ఇంత వంగరు వీళ్ళు. చివరికి ఒక ఆవు దాటుతుంటే దాని వెనక దాటాను.

రాజకుమారి ఉండే అపార్ట్‌మెంట్లకి జైలుకి ఉండేంత గేటుంది. కాపలా ఉన్న ధర్మేంద్ర అనే మనిషి నన్నూ నా సంచినీ పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరింటికి?"

"రాజకుమారి. గణపతిరావుగారి భార్య. ఐదొందల నాలుగు." నంబరు ఉష ఫోన్లో చెప్పింది.

"ఏ బ్లాకు? నాలుగున్నాయి."

అది ఉష చెప్పలేదు, నేనడగలేదు. ఇల్లంటే ఒక ఊళ్ళో ఒక నంబరుంటుందనుకున్నాను గానీ, ఒకే నంబరు నాలుగిళ్ళకి ఉంటుందని ఎవరనుకుంటారు. అతను ఫోన్లో పేరు వెతికి ఆవిడకి చేశాడు. ఎత్తలేదు.

"ఎత్తేదాకా కూర్చోమ్మా."

కుర్చీ చూపించాడు గానీ, నీళ్ళు కావాలా అనలేదు. మా ఆయన మాట నిజమే. కూర్చున్నాను. రాహుకాలం దగ్గర పడుతోంది. అది వచ్చాక బొట్టు పెట్టకూడదు. ఇంతలో నీళ్ళ ట్యాంకరు వస్తే ధర్మేంద్ర గేటు తియ్యడానికి వెళ్ళాడు. నేను లేచి లోపలికి నడిచాను.

నాలుగు బ్లాకులకీ మన నదుల పేర్లే పెట్టారు. నాగావళి, వంశధార, గోస్తని, చంపావతి. నీళ్ళు ట్యాంకరులో తెచ్చుకుంటారు, పేర్లు మాత్రం నదులవి. చంపావతి అన్న పేరు చూడగానే నాకు అనుమానం తీరిపోయింది. ఆ ఏటి ఒడ్డున పుట్టి, ఆ ఇసకలో ఆడి, ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్ల, అన్నతో ఎంత విరోధం పెట్టుకున్నా, మన ఏరుండగా ఇంకో ఏట్లో ఇల్లు కొనుక్కుంటుందా?

లిఫ్టుని నమ్మక మెట్లెక్కాను. ఐదో అంతస్తులో ఐదొందల నాలుగు తలుపు వేసుంది. గంట నొక్కాను. ఎవరూ రాలేదు. గంట పైన నల్లటి గాజుకన్ను ఒకటి వెలిగింది, అలంకారం అనుకున్నాను.

ఇంట్లో మనిషి లేకపోతే గుమ్మానికి బొట్టు పెట్టి, పిలుపు పైకి చెప్పి వచ్చెయ్యొచ్చు. గుమ్మానికి పెడితే ఇల్లాలికి పెట్టినట్టే. భరిణె తీసి, ద్వారబంధానికి పసుపు రాసి కుంకుమ పెట్టాను. పళ్ళూ గుడ్డా గడప దగ్గర ఉంచాను. ఎవరూ లేరు కదా అని మనసులో ఉన్నది కూడా అనేశాను.

"అమ్మా రాజకుమారీ, పోలమ్మ పండగ. నువ్వొచ్చి ఘటం ఎత్తాలి. మీ అన్న మొండోడు. నువ్వు ఆడికి చెల్లెలివి. ఆ బుట్ట ఇంకా అటకమీదే ఉన్నాది, పారీనివ్వడు. పల్లకీ ఎక్కించినందుకు నీకు సిగ్గులేదు, నోరు తెరిచి అడగనందుకు ఆడికి బుద్ధిలేదు. మీ ఇద్దరి మధ్యా నేనూ తల్లీ నలిగిపోతన్నాం. ఒచ్చీ."

కింది అంతస్తు దిగేలోపే మనుషులు ఎదురొచ్చారు. ముందు ధర్మేంద్ర, వెనక అసోసియేషన్ సెక్రటరీ రమేష్‌బాబు, ఆయన వెనక నడక బూట్లు వేసుకున్న సుహాసిని. ఆవిడదే ఆ ఇల్లు. గంట మీదున్నది కెమెరా అట, కింద నడుస్తున్న ఆవిడ ఫోన్లోకి నేను బొట్టు పెట్టడం కనిపించిందట. పూర్తిగా వినకుండానే పరిగెత్తుకొచ్చింది.

"మా తలుపుకి ఎరుపూ పసుపూ పూసింది. గడప దగ్గర ఏదో గుడ్డ పెట్టింది. ఇది చేతబడి కాకపోతే ఏంటండీ?"

"దొంగలు ముందు ఇలా గుర్తు పెట్టుకుని పోతారట. మొన్న గ్రూపులో వచ్చింది," అన్నాడు రమేష్‌బాబు.

నన్ను కిందికి తీసుకెళ్ళి, వాళ్ళ కార్ల వరస పక్కన నిలబెట్టారు. సుహాసిని కారు ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి ఉన్నాయి. ఇంత చదువుకుని దిష్టికి నిమ్మకాయ కట్టిన మనిషికి కుంకుమ చూస్తే చేతబడి. నవ్వొచ్చింది. దాంతోపాటు ఏడుపూ వచ్చింది గానీ వీళ్ళ ముందు ఎందుకు.

"నేను రాజకుమారి వదిన్ని," అన్నాను.

గోస్తని బ్లాకు నుంచి రాజకుమారిని పిలిపించారు. అదన్నమాట, గోస్తని. ఆవిడ బిగుతు ప్యాంటూ, జుట్టుకి ఎర్రరంగూ, చేతిలో ఏదో చుట్టచుట్టిన చాపా. యోగా క్లాసులో ఉండి ఫోన్ చూసుకోలేదట. నన్ను చూసింది. గుర్తుపట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళని కూడా చూసింది.

"మీకు తెలిసినావిడేనా మేడమ్?" అన్నాడు రమేష్‌బాబు.

"మా ఊరి వైపువాళ్ళండి," అంది, చాపకేసి చూస్తూ.

ఊరి వైపువాళ్ళు. పురిటికి వచ్చినప్పుడు ఆవిడకి నెలంతా కారప్పొడి కొట్టి పెట్టిన చేతులివి. కుంకుమ భరిణె గుప్పిట్లో పట్టుకుని, రాహుకాలానికి ఇంకెంతసేపుందా అని ఎండకేసి చూశాను.

"అసలు ఏం మంత్రం చదివిందో వినండి," అని సుహాసిని ఫోన్ తెరిచింది. నా గొంతు బయటికి వచ్చింది. మొండోడు, సిగ్గులేదు, బుద్ధిలేదు, అటకమీద బుట్ట, అంతా. ధర్మేంద్ర మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. రాజకుమారి మాత్రం బుట్ట అన్న మాట దగ్గర చాపని ఇంకా గట్టిగా చుట్టింది.

"ఓ, ఇన్విటేషనా," అంది సుహాసిని, భయం పోయి వేళాకోళం వచ్చి. "మరి మా తలుపుకి పెట్టారుగా. నన్ను పిలిచినట్టేనా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అడిగినదానికి జవాబు చెప్పాలి కదా.

"పిలిచినట్టే తల్లీ. గుమ్మానికి ఎట్టీసేక ఎనక్కి తీసుకోడానికి లేదు. రండి. ఇంటి ఆడపడుచు రానంటే, బొట్టెట్టించుకున్న ముత్తయిదువే ఆడపడుచు. ఘటం మీరే ఎత్తుదురు గాని."

అలాంటి నియమం ఉందో లేదో నాకు తెలియదు. లేదని కూడా తెలియదు.

"ఘటం అంటే?"

చెప్పాను. సుహాసిని మొహం వెలిగింది. "భలే ఉందే. పట్టుచీర కట్టుకోవచ్చా? డ్రోన్‌తో తీయిస్తే ఎంత బావుంటుంది రమేష్‌బాబుగారూ. బరువుంటుందా అది? కింద ఏదైనా మెత్తటిది పెట్టుకుంటా."

"ఓలమ్మా."

ఆ మాట ఎవరన్నారా అని అందరూ చూశారు. రాజకుమారి చాప కింద పడేసింది.

"ఇదేటి సోద్యం? ఆవిడెవులు మా ఘటం ఎత్తడానికి? డ్రోనేటి, మెత్తటిదేటి. మా మేనత్త తన నెత్తిమీంచి తీసి నా నెత్తినెట్టిన ఘటం అది. వదినా, నీకు మతిగాని పోయిందేటి? దారినపోయినోళ్ళకి ఇచ్చీసినావా?"

"మీకు తెలిసినావిడేనా మేడమ్?" అన్నాను రమేష్‌బాబు గొంతుతో.

సెక్రటరీ తన ఫోన్ చూసుకున్నాడు. రాజకుమారి అక్కడున్నవాళ్ళని లెక్కచెయ్యడం మానేసింది.

"ఎకసెక్కాలొద్దు. అన్నయ్య రమ్మన్నాడా?"

"మీ అన్న నన్ను బస్సెక్కించాడు."

"నోటితో అన్నాడా?"

"అంటే ఆడు జగన్నాధం ఎందుకవుతాడు."

ఆవిడ కాసేపు తన కాళ్ళకేసి చూసుకుంది. తర్వాత బూట్లు విప్పింది. నిమ్మకాయల కారు పక్కన, తూర్పుకి తిరిగి నిలబడింది. ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో ఏమీ మరిచిపోలేదు. పాదాలకి పసుపు రాసి నుదుట బొట్టు పెట్టాను. చెమట మీద కుంకుమ కొంచెం జారింది. తుడుచుకోలేదు.

"వస్తాను గానీ ఆడితో మాటాడను," అంది.

"మాటాడొద్దు. ఘటం నెత్తినుండగా మాటాడకూడదు కూడాను."

"మరి నేను?" అంది సుహాసిని.

"మీరూ రండి. చూద్దురు గాని," అన్నాను. పిలిచిన పిలుపు పిలుపే.

పైకి తీసుకెళ్ళి నీళ్ళిచ్చింది రాజకుమారి. అన్నం తిని వెళ్ళమంది గానీ ఉండలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తల్లిని అడిగాను. నేను ఆ సుహాసినిని నిజంగా పిలిచానా, లేక రాజకుమారికి మంట పెట్టడానికి నీ ఘటాన్ని అడ్డం పెట్టుకున్నానా? అమాయకత్వంతో అన్న మాటా అది, జిత్తా? ఎప్పటిలాగే చెప్పలేదు. కొరికిన కొండలు మళ్ళీ వచ్చాయి. ఈసారి వాటిని చూస్తే అసహ్యం వేసింది గానీ భయం వెయ్యలేదు.

నెల్లిమర్లలో దిగేసరికి ఆయన అదే గోడ దగ్గర నిలబడి ఉన్నారు.

"నీళ్ళిచ్చారా?"

"ఇచ్చారు. ఫ్రిజ్జువి. పళ్ళు జివ్వుమన్నాయి. అదొక ఊరా."

బండి తీశారు. నేను ఎక్కి కూర్చున్నాను. మిల్లు మలుపు దాటేదాకా ఏమీ అడగలేదు. చెల్లెలి పేరు ఎత్తితే ఎక్కడ అరిగిపోతుందో అన్నట్టు.

"కుమ్మరోళ్ళకి ఈసారి కుండ కొంచెం సిన్నది సెప్తాను," అన్నారు రోడ్డుకేసి చూస్తూ. "దానికి సిన్నప్పట్నించీ మెడ పట్టీస్తాది."