లాకుల దగ్గర శుక్రవారం

ఎజ్రా కాలవ లాకుల షట్టరుకు అడ్డంపడ్డ గుర్రపుడెక్కను కొక్కెంతో లాగి గట్టుమీద కుప్పేస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా లాకుల చక్రం తిప్పీ తిప్పీ అతని కుడిభుజం కిందికి జారిపోయింది. ఏ చొక్కా వేసినా ఒకవైపు వేలాడుతుంది. మనిషే అలా ఉంటే చొక్కాని అని ఏం లాభమని భార్య ప్రిస్కిల్లా దాన్ని సరిచెయ్యడం ఎప్పుడో మానేసింది.

ఈరోజు మాత్రం మొగుడి తెల్లచొక్కాకి గంజిపెట్టి, ఇస్త్రీ చేసి పంపింది. గుడ్ ఫ్రైడే. పన్నెండు నుంచి మూడింటిదాకా చర్చిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. ఏటా టీచర్లూ గుమాస్తాలూ పంచుకునే ఆ మాటల్లో అయిదోది, ‘దప్పిగొనుచున్నాను’, ఈసారి లాకుల లస్కరు ఎజ్రాకి ఇచ్చారు. నోరువిప్పి నాలుగు ముక్కలు మాట్లాడని మనిషికి ఎందుకిచ్చారో పాస్టరుగారికే తెలియాలి. వారంనుంచి కొంగలకీ గేదెలకీ తన ప్రసంగం వినిపిస్తున్నాడు. ప్రిస్కిల్లా పేటంతా చెప్పుకుంది.

పదిన్నరకి పైలాకుల నుంచి ఫోనొచ్చింది. ఫిట్సు వచ్చే కుర్రాడొకడు గేదెను కడుగుతూ మొన్న కాలవలో పడిపోయాడట. తల్లి అప్పట్నుంచీ గట్టు వెంబడే నడుస్తూ లాకు లాకు దగ్గరా అడుగుతోందట.

“మేం చూళ్ళేదని చెప్పామండి,” అన్నాడు అవతలివాడు.

ఆ గొంతు వింటే ఎజ్రాకి అనుమానమొచ్చింది. శవం కొట్టుకొస్తే షట్టరు ఒక అడుగు ఎత్తి కిందికి సాగనంపడం కాలవమీద పాత అలవాటు. ఎత్తితే ఎవరికీ పనుండదు. ఎత్తకపోతే పోలీసులూ, కాగితాలూ, రోజంతా పోతుంది.

పదకొండు దాటాక డెక్క మధ్యలో ఒక వీపు కనపడింది.

తోటి లస్కరు హరిబాబు అప్పటికే చక్రం మీద చెయ్యేశాడు. “ఒక్క అడుగు ఎత్తేద్దామండి. మీకు చర్చికి టైమవుతోంది. పోలీసులొచ్చేదాకా ముట్టుకోకూడదని రూలు కూడా ఉందికదండి.”

“ఇక్కణ్ణుంచి సముద్రమే హరిబాబూ. కింద ఇంక లాకుల్లేవు. ఆవిడ ఎక్కడిదాకా నడుస్తుంది?”

“మనకెందుకండి?”

ఎజ్రా నడుముకి తాడు బిగించుకున్నాడు. “ఇలాంటి రోజునే ఆయన్నీ ఎవరో ఒకరు సిలువ మీంచి దింపారు కదా. వాళ్ళూ మనకెందుకులే అనుకునుంటే?”

అంతకన్నా పెద్ద ప్రసంగం అతను జన్మలో చెయ్యలేదు.

నీళ్ళు రొమ్ముదాకా వచ్చాయి. ఉపవాసపు ఒంటితోనే శవాన్ని గట్టువైపు నెట్టాడు. ఈస్టరు ముందు శ్రమదినాలు నలభైరోజులూ మూడింటిదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టడు. హరిబాబు గొణుక్కుంటూనే తాడు లాగాడు. శవాన్ని కానుగ నీడలో పడుకోబెట్టి, పోలీసులకి ఫోన్ చేసి, చర్చికని కొమ్మకి తగిలించి ఉంచుకున్న గంజిపెట్టిన చొక్కాని ముఖంమీద కప్పాడు ఎజ్రా. కాకుల్ని తోలుతూ పక్కనే కూర్చున్నాడు.

దూరంగా చర్చి మైకులో మొదటి మాట మొదలైంది. తర్వాత రెండోది. అయిదోది ఎవరో టీచరుగారు చెప్పారు, బాగానే చెప్పారు. ఎజ్రాకి ఏడుపొచ్చింది. తన మాట పోయినందుకో, పక్కనున్న వాడి కోసమో అతనికే తెలియలేదు.

రెండున్నరకి కుర్రాడి తల్లి మరిడమ్మ వచ్చింది. చెప్పుల్లేని పాదాలు పగిలిపోయి ఉన్నాయి. చొక్కా తొలగించి చూసింది.

“సత్తిరాజూ, లేరా,” అంది, పొద్దున్నే లేపినట్టు.

ఎజ్రా నీళ్ళసీసా అందించాడు. ఆవిడ అతని ఎండిన పెదాల వంక చూసింది.

“నువ్వు తాగావా బాబూ?”

“మూడింటిదాకా తాగనమ్మా. ఉపవాసం.”

“అయితే నాకూ వద్దు.”

మూడవడానికి ఇంకా పదినిమిషాలుంది. ఎజ్రా సీసా ఎత్తి రెండు గుక్కలు తాగి ఆవిడకిచ్చాడు. ఆవిడ మొత్తం తాగేసింది.

పోలీసు వ్యాను నాలుగింటికి వచ్చింది. సత్తిరాజుని ఎక్కించారు. తల్లి వాడి కాళ్ళ దగ్గర కూర్చుంది. తెల్లచొక్కా వాడితోనే వెళ్ళిపోయింది.

ఆవిడ కూర్చున్నచోట ఒక క్యారీబ్యాగు ఉండిపోయింది. ఎజ్రా అది పట్టుకుని పరిగెత్తాడు గాని వ్యాను మలుపు తిరిగిపోయింది. విప్పి చూశాడు. కొడుకు దొరికేసరికి తడిబట్టలతో ఉంటాడని తెచ్చుకున్నట్టుంది. గళ్ళ లుంగీ, ఉతికి మడతపెట్టిన చొక్కా, తల తుడవడానికి ఒక తువ్వాలు. మూడు రోజులు కాలవ పక్కనే మోసుకొచ్చినా వాటికి ఒక్క చుక్క తడి తగల్లేదు.