కిటికీ ఊచకు కట్టిన ఎర్త్

మిర్యాలగూడలో నేను పనిచేసే రైస్ మిల్లు వెనక, మోటార్ల గది పక్కన ఎర్త్ గుంత ఒకటి ఉంది. ఎండలు ముదిరితే మా ఎలక్ట్రీషియన్ లచ్చిరాం తడి ఆరితే ఎర్త్ పనిచేయదని రోజూ దాంట్లో రెండు బక్కెట్ల నీళ్లు పోస్తాడు. ఆ మంగళవారం ఆఫీసులో విసుగెత్తి బయటికొచ్చి, ఆయన నీళ్లు పోస్తుంటే పక్కన నిలబడి గొప్పలు చెప్పాను. మా ఇంట్లో ఎర్తింగ్ నేనే చేసుకున్నాను, పది నిమిషాల పని, దీనికింత హడావిడి ఎందుకన్నాను. నా నోరు ఊరుకోదు.

ఎలా చేశావని అడిగితే మొత్తం చెప్పాను. నేను విమానం ఎక్కిన దాన్ని కాదు గానీ, కంప్యూటర్లో విమానం నడపడమంటే ప్రాణం. వేములపల్లిలో మా ఇంటి ముందు గదిలో దానికోసం మూడు మానిటర్లు పెట్టుకున్నాను. సూర్యాపేటలో ఆన్‌లైన్ పరీక్షల సెంటరొకటి మూతపడుతుంటే చౌకగా తెచ్చినవి. నడిమిది విమానం ముందు అద్దం, అటూ ఇటూ ఉన్నవి పక్క కిటికీలు. మూడూ వంపు తిరిగి నిలబడేలా గేట్లు చేసే వెల్డర్‌తో ఇనుప స్టాండు చేయించాను. వెలుతురు తెరల మీద పడకుండా వెనకున్న కిటికీకి నల్ల దుప్పటి కట్టాను. మొన్న శనివారం మూడో మానిటర్ బిగించాక స్టాండు ముట్టుకుంటే చెయ్యి విసిరికొట్టింది. కంప్యూటర్ డిప్లొమా చదివిన దాన్ని, ఆమాత్రం తెలియదా? పచ్చ వైరు ఒక కొస స్టాండుకు, ఇంకో కొస కిటికీ ఊచకు చుట్టాను. మా ఊళ్లో సగం ఇళ్ల ఎర్త్ అంతే. ఆ పూటే విమానం ఆటకు కాళ్లతో తొక్కే పెడల్స్ జారకుండా కింద రబ్బరు మ్యాట్ కూడా పరుచుకున్నాను. మళ్లీ షాక్ కొడితే ఒట్టు.

లచ్చిరాం బక్కెట్ కింద పెట్టాడు.

“మూడోది బిగిచ్చినప్పుడు దాని వైరు ఏడన్న నలిగిందా అక్కా?”

నలిగింది. క్లాంపు కింద ఇరుక్కుంటే, మానిటర్ ఊగకుండా ఉంటుందని స్పానర్‌తో ఇంకో రెండు తిప్పులు తిప్పాను.

“గట్లయితే స్టాండు మొత్తం కరెంటే. నిన్ను కాపాడింది నీ వైరు గాదు, కింద మ్యాటు. గోడల ఉన్న ఊచ భూమిల దిగదు గదా. ఆ కరెంటు పోయి ఊచలకు ఎక్కింది. బయటి దిక్కు ఆ కిటికీకి ఏముంది?”

బయటి వైపు ఆ కిటికీకి దండెం ఉంది. ఇనుప తీగ దండెం, ఒక చివర చెట్టుకు, రెండో చివర ఆ ఊచకే కట్టి ఉంటుంది. రోజూ పదకొండు ప్రాంతంలో మా అత్తమ్మ సత్తెమ్మ తడి బట్టలు దాని మీదే ఆరేస్తుంది, చెప్పుల్లేని కాళ్లతో. ఇవాళ పెద్ద అప్‌డేట్ దిగుతోందని కంప్యూటర్ ఆపకుండా వచ్చాను. అప్పుడు టైము పదీ నలభై.

ఇంటికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. పక్కింటి ధనలక్ష్మికి చేస్తే పొలం దగ్గరున్నానంది. కరెంటు ఆపిద్దామని లచ్చిరాం తనకు తెలిసిన లైన్‌మన్ నంబరు వెతుకుతుండగానే నేను స్కూటీ తీశాను.

దారి పొడుగునా సగం రోడ్డు వడ్లు ఎండబోశారు. ఎదురుగా ధాన్యం ట్రాక్టర్లు. వడ్ల మీద చక్రం జారి బండి ఒక పక్కకు పోతోంది. దేవుడికి మొక్కుదామంటే ఏ దేవుడి పేరూ గుర్తుకు రాలేదు. అంత భయం నేను ఎన్నడూ ఎరగను. కోదాడ నుంచి లారీ లోడుతో వస్తున్న మా ఆయన రాజ్‌కుమార్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఎత్తి ఏమని చెప్పాలి, మీ అమ్మను నా ఆట కోసం చంపుకున్నానని చెప్పాలా?

ఇంటి ముందు దండెం మీద నా చీర, ఆయన చొక్కా నీళ్లు కారుతున్నాయి. కింద ఖాళీ బక్కెట్ దొర్లి ఉంది. అత్తమ్మ లేదు. లోపలికి ఉరికి మెయిన్ ఆపేసి వచ్చి, ఇంటి పక్క సందులోకి చూడడానికి భయమేసి గడప దగ్గరే నిలబడిపోయాను. సందులోంచి అడుగుల చప్పుడైంది. చంకలో ఇంకో తడి బట్టల మూట, కాళ్లకు మా ఆయన రబ్బరు చెప్పులు, చేతిలో మామయ్య గొర్లు కాసిన వెదురు కర్రతో అత్తమ్మ వస్తోంది.

“తీగను ముట్టకు బిడ్డా, కొడుతున్నది. నేను కర్రతోనే ఏస్తున్న.”

ఎప్పటి నుంచని అడిగితే ఆదివారం సంది అంది. ఆమె కుడి చెయ్యి గుంజి చూశాను. అరచేతిలో తీగ మందాన నల్లటి గీత, దాని మీద ఎండిన పసుపు. ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ అడిగాను.

“పడ్డంక జరసేపు లేవరాలే. నిన్ను పిలుద్దామనుకున్న. ఇమానం దిగేటప్పుడు ఎవ్వలు పిలవొద్దంటివి గద.”

ఆదివారం ఆ వేళకు నేను నల్ల దుప్పటికి ఇవతల, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, శంషాబాద్ రన్‌వే మీద దిగడం నేర్చుకుంటున్నాను. మూడు తెరల నిండా ఆకాశం. ఆమె పడింది గోడకు అవతల, నాకు నాలుగడుగుల దూరంలో. ఏడోసారికి విమానం బాగా దిగిందని సంబరంగా బయటికొచ్చి ఆమెకే చెప్పాను. మంచిగైంది బిడ్డా అని నవ్వి, కంచం పెట్టి, ఎడమ చేత్తో అన్నం వడ్డించింది.

ఎడమ చేత్తో పెడతావేమిటని కసురుకున్నాను.