ఎడమ పక్క చెయ్యి

పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి మా ఆయన గిన్నెలు తుడిచాడు. నాకు అనుమానం వచ్చింది అప్పుడే. తుడుస్తూ తుడుస్తూ, "అవునూ, నీ నక్షత్రచేపల నోటుబుక్కు ఎక్కడ పెట్టావు?" అన్నాడు, ఉప్పు డబ్బా ఎక్కడ అన్నంత మామూలుగా.

మా ఇద్దరిదీ ఒకే సముద్ర పరిశోధన కేంద్రం. ఆయన శాస్త్రవేత్త, నేను తొట్లు కడిగే సహాయకురాలిని. చదువు ఇద్దరిదీ ఒకటే. పాప పుట్టాక ఎవరో ఒకరు తగ్గాలన్నారు, నేను తగ్గాను. "ఇంట్లో అంట్లు, అక్కడ తొట్లు. బాగానే కుదిరిందిలే నీకు!" అని అత్తగారి హాస్యం.

అడుగున గాజు పలక ఉన్న పెద్ద తొట్టి నాది. దాని కింద వెల్లకిలా పడుకుని తుడవాలి. అందరూ వీపు వైపు నుంచి చూసే నక్షత్రచేపను నేను కడుపు వైపు నుంచి చూశాను. వందల కొద్దీ గొట్టపు కాళ్లు, వాటిని నడిపించే సముద్రపు నీళ్లు. ఆల్చిప్పను అది బద్దలు కొట్టదు. కావలించుకుని ఓపిగ్గా లాగుతుంది. సన్నని సందు దొరికితే చాలు, తన పొట్టనే బయటికి తీసి లోపలికి దూర్చి, దాన్ని దాని ఇంట్లోనే అరిగించుకుంటుంది. అలలు కొట్టే రాతి సందుల్లో దొరికిన ఒకదానికి ఒక చెయ్యి తెగిపోయి ఉంది. మొన వంకర తిరిగిన చేతికి ఎడమ పక్కది. అది మళ్లీ మొలవడం పద్నాలుగు నెలలు వారం వారం కొలిచి రాశాను. ఆ పుస్తకం చూపించి మళ్లీ పరిశోధనలో చేరాలని నా ఆశ.

దుప్పట్ల కింద పెట్టిన పుస్తకం మర్నాడు దుప్పట్ల మీద ఉంది. అడిగితే, "నాకేం పని నీ గీతలతో?" అని కసిరాడు. ఛ, కట్టుకున్నవాణ్ణి అనుమానిస్తున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన పుస్తకం మాట ఎత్తలేదు, గిన్నెలూ తుడవలేదు.

ఈ ఉదయం ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, మధ్యాహ్నం సభలో చదవబోయే వ్యాసం బల్ల మీద కనిపించింది. 'రోజూ తొట్టి పైనుంచి నేను చేసిన పరిశీలనలో, వంకర మొన చేతికి ఎడమ పక్కన తెగిన చెయ్యి...' ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. పైనుంచి చూస్తే అది కుడి పక్క కదా! కింద పడుకున్న మనిషికే ఎడమ. మా కేంద్రంలో కింద పడుకునేది నేనొక్కదాన్నే. తిరగేసి రాయాలన్న సంగతి కూడా తట్టలేదు మహానుభావుడికి. ఒళ్లు మండిపోయింది.

"అయిందా?" గదిలోంచి అరిచాడు. "సభలో టీ సంగతి నువ్వే చూడాలి. డైరెక్టరు మేడమ్‌కి చక్కెర వద్దు."

చొక్కా చేతికిచ్చాను. నోటుబుక్కు నా సంచిలో వేసుకున్నాను.

"టీ ఇంకెవరికైనా చెప్పండి. నేను ముందు వరసలో కూర్చుంటున్నాను."

"నువ్వా? ఎందుకూ?"

"ఆ నక్షత్రచేపను నీళ్ల పళ్లెంలో తెచ్చి అందరి ముందూ పెడతారుగా. ఆ ఎడమ పక్క చెయ్యి ఏదో మీ వేలితో చూపించమని అడుగుదామని."