గుడ్డ కాకి

ఇసుక దిబ్బమీద మూడో కర్రకు కట్టిన కాకి గాలికి తిరిగి తల పైకి పెట్టుకుంది. శ్రీశైలం దాని కాళ్ల దారం విప్పి, మళ్లీ తలకిందులుగా వేలాడేట్టు బిగించి కట్టాడు. కాకి తల పైకుంటే లాభం లేదు. కుదురుగా కూర్చున్న కాకిని చూస్తే మిగతావి కూడా వచ్చి పక్కనే వాలతాయి. తలకిందులుగా వేలాడితేనే చచ్చిందనుకుంటాయి. కాసేపు గోలగోలగా అరిచి, ఇక ఆ చుట్టుపక్కలకు రావడం మానుకుంటాయి. మక్కజొన్న చేలల్లో రైతులు నిజం కాకినే చంపి కడతారు. శ్రీశైలానికి చంపడం చేతకాదు. అందుకని సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న నల్ల పాలిస్టర్ పీలికలతో కాకులను కుట్టాడు. కడుపులో మగ్గాల కింద ఊడ్చిన దారపు చెత్త కూరాడు. ముక్కుకు కాల్చిన వెదురు పుల్ల గుచ్చాడు. రెక్కలు విరిగి వేలాడుతున్నట్టు వదులుగా కుట్టడం ఎవరూ నేర్పిన పని కాదు, తానే కనిపెట్టాడు. పుట్టి ఇన్నేళ్లకు అతను కనిపెట్టింది అదొక్కటే, పాపం.

గోదావరిలో నీళ్లు తగ్గాక మధ్యలో తేలిన ఇసుక దిబ్బ అది. ధర్మపురికి దిగువన, శ్రీశైలం అత్తగారి ఊరి రేవుకు ఎదురుగా ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో నడిచి పోవచ్చు. ఎండలు ముదిరేసరికి పసుపు ముక్కు, నల్ల తల, బూడిద రెక్కల పిట్టలు ఆ దిబ్బమీదికి వస్తాయి. గూడూ గీడూ ఏమీ కట్టవు. ఇసుకలో పొట్టతో చిన్న గుంట చేసి, మచ్చల గుడ్లు పెట్టి, ఆ మండే ఎండలో కూర్చుంటాయి. ఊళ్లో వాటిని ఇసుక పిట్టలంటారు. ఒకప్పుడు దిబ్బంతా అవేనట. ఇసుక ట్రాక్టర్లు కొంత, కుక్కలు కొంత, మిగిలింది కాకులు, అంతా కలిసి వాటిని పిడికెడు చేసి పెట్టాయి. ఊళ్లో చికెన్ దుకాణాలు పెరిగాయి, చెత్త పెరిగింది, దాంతోపాటు కాకులూ పెరిగాయి. పెట్టిన గుడ్డు పెట్టినట్టే కాకి పాలవుతుంటే చూడలేక ఫారెస్టువాళ్లు ఎండాకాలానికి ఒక వాచర్‌ను పెట్టారు. మిగతావాళ్లెవరూ ఆ ఎండలో కూర్చోవడానికి ఒప్పుకోలేదు. శ్రీశైలం ఒప్పుకున్నాడు.

ఒప్పుకోక ఏం చేస్తాడు? మీసాలు రాకముందు నుంచీ సిరిసిల్లలో పవర్‌లూమ్ మీద బతికినవాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. అతను నేసిన బట్ట తానులో ఎక్కడో ఒకచోట పోగు తప్పేది. మగ్గాల యజమాని ఆసామి ఆ తానును నలుగురి ముందు పరిచి, తప్పిన చోట వేలు పెట్టి చూపించేవాడు. శ్రీశైలం తల వంచుకుని నిలబడేవాడు. మగ్గాలు బందయ్యాక భార్య సత్యవ్వ వెంట ఆమె పుట్టిన ఊరికి వచ్చి పడ్డాడు. అత్తగారి ఊళ్లో కాపురముండే అల్లుడికి ఎంత మర్యాద దక్కుతుందో అంతే దక్కింది. భోజనాల బంతిలో చివర పిలుస్తారు. పేరుతో పిలవరు, సిరిసిల్లాయన అంటారు.

అలాంటి మనిషికి పోయిన ఏడు బీట్ ఆఫీసర్ స్వర్ణలత మేడం చెయ్యి కలిపింది. దిబ్బమీద పిట్ట పిల్లలు గుడుగుడు పరుగెత్తుతుంటే చూసి, "నీ కాకులు మంచిగ పనిచేసినయి శ్రీశైలం" అంది. ఆ సాయంత్రం ఇంటికి పోయి ఆ చేతిని సత్యవ్వకు చూపించాడు. సత్యవ్వ నవ్వి, కడుక్కొని అన్నానికి రమ్మంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒడ్డున రేవు పక్కన ఒక పెద్ద వేపచెట్టుంది, కాకులకు అదే అడ్డా. దాని కొమ్మకు కూడా ఒకటి కడితే దిబ్బకు ఇక తిరుగుండదని శ్రీశైలానికి తోచింది. మేడంతో అన్నాడు. "ఒడ్డు జోలికి పోకు. ఆడ జనాల పనులుంటయి" అందామె. ఆ మాట అతనికి బాగానే వినబడింది. వినబడలేదంటే నమ్ముతారు కదా అని, ఈ ఏడు ఎండలు మొదలవగానే ఎవరూ చూడకుండా ఎక్కి కట్టేశాడు. నాలుగు రోజుల్లో రేవు మీద కాకి అనేది లేకుండా పోయింది. శ్రీశైలం లోలోపల మురిసిపోయాడు.

జనాల పనులంటే ఏమిటో అతనికి తెలియక కాదు. మనిషి పోయిన మూడో రోజు ఆ రేవులోనే పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో వడ్డించి, ఇసుకలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా తిన్నట్టు. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో కొదవ మిగిలినట్టు. ఇదివరకే ఒక కుటుంబం మధ్యాహ్నం దాకా చూసి, విస్తరిని నీళ్లలో వదిలి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్లిపోయింది. శ్రీశైలం అప్పుడు దిబ్బమీద ఉన్నాడు. చూసీ చూడనట్టు అటు తిరిగి కూర్చున్నాడు. కొమ్మమీది కాకిని రేపు తీద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు.

ఇవాళ లసుమవ్వకు పెడుతున్నారు. లసుమవ్వ సత్యవ్వకు చిన్నమ్మ. ఆ ఊళ్లో అతన్ని నోరారా అల్లుడా అని పిలిచింది ఆమె ఒక్కతే. పొద్దున్నే రేవుకు పోతుంటే గడపలో ఆపి చెంబుడు అంబలి ఇచ్చేది. "తాగి పో అల్లుడా, పిట్టలు యాడికి పోవు" అనేది. చివరి రోజుల్లో మంచం దిగలేక, కోడలు సరితతో పంపించేది.

పొద్దెక్కుతోంది. దిబ్బమీంచి చూస్తుంటే ఒడ్డున జనం నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉన్నారు. కాసేపటికి సత్యవ్వ గుంపులోంచి బయటికొచ్చి కొంగు ఊపి పిలిచింది. శ్రీశైలం నీళ్లలోకి దిగాడు.

విస్తట్లో అన్నం ఆరిపోయింది. గారెలు, కోడికూర, కల్లు పోసిన గ్లాసు అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. లసుమవ్వ కొడుకు వినోద్, ఆటో నడుపుతాడు, చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"అమ్మా, తాగుడు బంద్ జేస్తనే. నీ మీద ఒట్టు. అచ్చి తిను."

ఏమీ రాలేదు.

"చెల్లె మంచీచెడ్డ నేను చూస్తనే" అన్నాడు మళ్లీ. చెల్లెలు దేవవ్వ పక్కనే ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. అప్పటికీ ఏమీ రాలేదు.

"ముసలిదానికి ఏదో కొదువైంది" అంది వెనకనుంచి మల్లక్క అనే పెద్దావిడ.

ఆ మాటతో అందరి చూపులూ మెల్లగా సరిత మీదికి తిరిగాయి. సరిత కొంచెం ఎడంగా నిలబడి ఉంది. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ల కొసలు గోధుమ రంగుకు తిరిగిన చేతులు కొంగులో దాచుకుంది.

శ్రీశైలం తల పైకెత్తాడు. వేప ఆకుల మధ్య తన కాకి తలకిందులుగా వేలాడుతోంది. ఎంత బాగా కుట్టాడో అంత బాగా చచ్చినట్టుంది. జనమంతా విస్తరినే చూస్తున్నారు, చెట్టువంక ఎవరూ చూడటం లేదు. దూరంగా మోటారు గది తీగమీద నాలుగైదు కాకులు కూర్చుని ఇటే చూస్తున్నాయి. వాటికి ఆకలిగా ఉంది, భయంగానూ ఉంది. ఆ సంగతి అక్కడున్న వాళ్లందరిలో అతనొక్కడికే తెలుసు.

నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. కానీ అన్నాక ఏమవుతుంది? పెద్దలకు కూడు అందకుండా చేసినవాడని పేరుపడుతుంది. అంతకుముందు విస్తరిని నీళ్లలో వదిలిన వాళ్లు కూడా ఇంటిమీదికొస్తారు. మళ్లీ నలుగురి ముందు పోగు తప్పిన తానును పరుస్తారు, వేలు పెట్టి చూపిస్తారు. శ్రీశైలం మూత్రానికి పోయేవాడిలా మెల్లగా వెనక్కి జరిగి, చెట్టు అవతలి పక్కనుంచి ఎక్కాడు.

ముడి విడిరాలేదు. ఎంత గాలికీ ఊడకూడదని తానే వేసిన ముడి. గోళ్లతో లాగాడు, పళ్లతో పట్టి పీకాడు. కింద దేవవ్వ గొంతు వినబడింది.

"నువ్వే చెప్పు వదినే. మా అమ్మను ఏం కష్టపెట్టినవ్?"

"నేనేం కష్టపెట్టలే దేవవ్వా."

"మరి కాకి ఎందుకు ముడ్తలేదు? దానికి తెల్వదా?"

శ్రీశైలం పళ్లు దారం మీదే ఉన్నాయి. సగం పోయిన చెవులు ఇవాళ మాత్రం ఒక్క అక్షరం వదల్లేదు.

"ఆ రాత్రి చాపల కూర తినబుద్దైతాంది అన్నది. చుట్టాల్సిన బీడీలు ఇంకా ఒడువలే. యాష్టకొచ్చి కసిరిన. పొద్దున తెస్త పండుకో అన్న" అంది సరిత. "పొద్దటికి లేదు."

అప్పుడు తెగింది దారం. శ్రీశైలం కాకిని అంగీలోపల దోపుకుని, కొమ్మను వాటేసుకుని ఉండిపోయాడు. తీగమీది కాకుల్లో ఒకటి లేచింది, రేవు చుట్టూ ఒక చుట్టు తిరిగింది, దిగి విస్తట్లో కోడికూర ముక్క పట్టుకుంది. దాని వెనకే మిగతావీ దిగాయి.

"ముట్టింది" అన్నారు ఎవరో. అందరూ దండం పెట్టుకున్నారు.

"చూసిండ్రా" అంది దేవవ్వ, అరవకుండా, నీరసంగా. "నిజం చెప్పినంకనే అచ్చింది."

కాకిని చూస్తూ సరిత కూడా దండం పెట్టింది. శ్రీశైలం చెట్టు దిగి గుంపు వెనక నిలబడ్డాడు. అంగీలో వెదురు ముక్కు రొమ్ముకు గుచ్చుకుంటోంది. ఇప్పుడైనా చెప్పొచ్చు, ఇప్పుడైనా చెప్పొచ్చు అనుకుంటూనే జనంతోపాటు ఇసుకలో పది అడుగులు నడిచాడు. చెప్పలేదు.

దిబ్బకు తిరిగి పోయేసరికి పిట్టలన్నీ గాలిలో ఉన్నాయి. కోడికూర తినేసిన కాకులు నీళ్లు దాటి వచ్చేశాయి. చెట్టుమీది చావు మాయమైందంటే కర్రలమీది చావులనూ అవి నమ్మడం మానేసినట్టుంది. మూడో కర్రమీదనే ఒకటి కూర్చుని ఉంది. శ్రీశైలం అరుచుకుంటూ, ఇసుక విసురుకుంటూ పరుగెత్తాడు. నీటి అంచున ఉన్న గుంటలో పొద్దున గుడ్డు పెంకు పగిలి, లోపల పిల్ల ముక్కు కదలడం చూసి పోయాడు. ఇప్పుడు అక్కడ రెండు పెంకు ముక్కలు, కొంచెం తడి ఉన్నాయి. తల్లిపిట్ట వచ్చి, ఖాళీ గుంటలో పొట్ట ఆనించి, ఎప్పటిలాగే కూర్చుంది. అతను అక్కడే నిలబడి ఏడ్చాడు. పిల్లకోసమో సరితకోసమో అతనికే తెలియలేదు.

పొద్దు వాలే వేళకు ఊళ్లోకి వస్తుంటే బస్‌స్టాప్ బెంచీమీద సరిత ఒక్కతే కూర్చుని కనిపించింది. పక్కన చీరెల సంచి ఉంది. వదిలిపెట్టడానికి ఎవరూ రాలేదు.

"యాడికి చెల్లె?"

"కోరుట్లకు. మా అమ్మోళ్లింటికి." ఆమె రోడ్డువంకే చూస్తోంది. "దినాలకు రావద్దన్నరు. నా చేతి వంట అత్తకు ముట్టదట."

"వినోద్ ఏమన్నడు?"

"ఏమనలే."

శ్రీశైలం అంగీలోంచి గుడ్డ కాకిని తీసి బెంచీమీద పెట్టాడు. "ఇది చెట్టుకున్నది చెల్లె. పిట్టల కోసమని నేనే కట్టిన. దీనికి బెదిరి రాలే కాకులు. నువ్వు చెప్పినవని కాదు, నేను ఇప్పినంక అచ్చినయి."

సరిత దాన్ని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, రెక్కల దగ్గరి కుట్టును బొటనవేలితో నిమిరి చూసింది. "మంచిగ కుట్టినవన్నా" అంది. ఆ మాట అతనికి చెంపదెబ్బ కన్నా ఎక్కువే తగిలింది.

"నాకు చెప్తే ఏమస్తది?" అంది తర్వాత. "అత్తను ఎట్ల చూసుకున్ననో నాకు తెల్వదా? ఆడ చెప్పాలె. అందరి ముందట."

"చెప్త. రేపు పోయి చెప్త."

సరిత మొదటిసారి అతని మొహంలోకి చూసింది. కోపంగా చూడలేదు. నమ్మనూ లేదు. కోరుట్ల బస్సు వచ్చి ఆగింది. ఆమె కాకిని బెంచీమీద జాగ్రత్తగా కూర్చోబెట్టి, సంచి తీసుకుని, వెనక్కి చూడకుండా ఎక్కింది.

బస్సు పోయిన చాలాసేపటికి శ్రీశైలం కదిలాడు. వాడకట్టు మొదట్లో దారి రెండుగా చీలుతుంది. కుడివైపు పోతే లసుమవ్వ ఇల్లు. ఇంకా జనం ఉన్నట్టున్నారు, వాకిట్లో లైటు వెలుగుతోంది. అక్కడ కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎడమవైపు తిరిగి తన ఇంటికి పోయాడు.

బస్‌స్టాప్‌లో బెంచీమీద గుడ్డ కాకి, తల పైకి పెట్టుకుని, రెండు రెక్కలూ కిందికి వేలాడేసి, తెగిన దారం కాలికి అట్లాగే ఉండగా, రోడ్డువంక చూస్తూ కూర్చుని ఉంది.